అద్దంలో చూస్తే చూసినట్టేనా

గోదావరిఖని మార్కెట్ సందులో సదానందం సెలూన్‌కు గడ్డం గీయించుకోవడానికి వెళ్లినవాడు, గడ్డంతో పాటు తన అభిప్రాయాన్ని కూడా అక్కడే వదిలేసి రావాల్సిందే. సదానందంతో వాదించి గెలిచినవాణ్ని నేను ఎరగను. గొంతు మీద కత్తి ఆనించి "ఏమంటవన్నా, నిజమేనా కాదా?" అని అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? పైగా మనిషి ముఖంలోకి చూసి మాట్లాడడు. వెనక నిలబడి, అద్దంలో కనబడే ముఖంతో మాట్లాడతాడు. అదే మనిషి రోడ్డు మీద ఎదురుపడితే సిగ్గుపడి తల దించుకుని పోతాడు.

మంగళవారం సెలూన్లకు సెలవు. మా ఆట ఆ సాయంత్రమే. నేను సంధ్యారాణిని, దవాఖానలో నర్సును. మగవాళ్ల సెలూన్‌లో దర్జాగా బెంచీ మీద కూర్చుని మిర్చీ బజ్జీలు తినే యోగం నాకు ఆ ఒక్కరోజే పడుతుంది.

బోర్డూ పావులూ లేని ఆట అది. కథ నడిపేది జాన్ ప్రసాద్ సార్, బడిలో సోషల్ చెబుతాడు. ఆయన ఒక మాయలోకాన్ని వర్ణిస్తాడు, మేం అందులో ఒక్కో వేషం కడతాం. కత్తి తగిలిందా, మంత్రం పారిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. రాక్షసుల తరఫున పాచిక సారే వేస్తాడు. మాకు కనబడకూడదని పాత క్యాలెండర్ అట్ట ఒకటి స్టూలు మీద నిలబెట్టి, దాని వెనక వేసుకుంటాడు. అక్కడ ఇరవై పడిందంటే మా వాళ్లలో ఒకరికి నూకలు చెల్లినట్టే.

నేను దొంగను. పొద్దంతా పేషెంట్ల ముందు మంచిదానిలా ఉండీ ఉండీ విసుగొచ్చి ఆ వేషం ఎంచుకున్నాను. సదానందం మంత్రగాడు. నాలుగో మనిషి సామ్యేల్ కాక, బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, పని చేసి రిటైరైనవాడు. భార్య సాయమ్మ పోయాక ఆయన గడప దాటడం మానేశాడు. ఆయనా సారూ ఒకే చర్చికి పోతారు కనుక, సార్ ఒకరోజు చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చాడు. నీ వేషానికి ఏం పేరు పెడదామని అడిగితే కాక కాసేపు ఆలోచించి "సాయమ్మ" అన్నాడు.

అలా డాలూ కత్తీ పట్టిన సాయమ్మ మా జట్టులో చేరింది. కాక ఆమెను అచ్చం ఇంట్లో సాయమ్మలాగే మాట్లాడించేవాడు. ఒకసారి గుహలో అడ్డమొచ్చిన రాక్షసుణ్ని "ముందుగాల కాళ్లు కడుక్కొని రా పో, ఇల్లంత ఖరాబు జేస్తానవ్" అని గద్దించింది. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. కాక కూడా నవ్వాడు. ఆ నవ్వు కోసమే నేను డ్యూటీ మార్చుకుని మరీ వచ్చేదాన్ని. ఆటలో సాయమ్మకు ఏమన్నా అయితే కాక మళ్లీ ఇంట్లో తలుపేసుకుంటాడని మా ముగ్గురికీ భయం. ఎవరం పైకి అనలేదు.

ఆ మంగళవారం సాయమ్మ ఒక పాడుబడ్డ బొగ్గు బాయిలో చిక్కుకుంది. సొరంగం మలుపుకు అవతల ఆమె, ఆమెకు ఎదురుగా బొగ్గు రాకాసి. ఇవతల మా మంత్రగాడు. అతని నిప్పు మంత్రం కంటికి కనబడినవాళ్ల మీదే పారుతుంది. మలుపులోంచి కనబడేదేముంది?

"నా సంచిల అద్దం ఉన్నది" అన్నాడు సదానందం. మంత్రగాడి సంచిలో అద్దం ఎందుకుందని మేం అడగలేదు. "మలుపు కాడ చెయ్యి సాపి పట్టిన. రాకాసి కనవడ్డది. ఇగ కాలుస్తాన."

"గట్ల కుదరదు" అన్నాడు సార్. "అద్దంల కనవడేది రాకాసి బొమ్మ. రాకాసి కాదు."

"అయితే నేను ఇన్నేండ్ల సంది కటింగ్ చేసుడు బొమ్మలకేనా సార్?"

"మంత్రం సక్కగ పోవాలె సదానందం. మలుపు తిరగది."

"సూపు తిరిగినంక మంత్రానికేం రోగం?"

చాయ్ చల్లారింది, వాదం చల్లారలేదు. సార్ కూడా పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పిందే చెప్పి, చివరికి రూలు రూలేనని రాకాసి తరఫున పాచిక వేశాడు. అట్ట వెనక దాన్ని ఒక్క క్షణం చూసి, "ఏడు. దెబ్బ తప్పింది" అన్నాడు. కాక ఊపిరి వదిలాడు. నేను ఇంకో బజ్జీ తీసుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే అతను సదానందం ఎందుకవుతాడు?

"అద్దంల సూసింది సూసినట్టు కాదంటరా సార్? మరి మీ ఎనుక అద్దంల నాకు ఇరవై సాఫ్‌గ కనవడ్డది. మీరేమో ఏడు అన్నరు. ఇయ్యాలనే కాదు, మొన్న గూడ..."

అని ఆగిపోయాడు. గెలుపు నోటిదాకా వచ్చాక గానీ తను ఏమన్నాడో అతనికి అర్థం కాలేదు. సార్ వీపు వెనక, కాస్త ముందుకు వంచి బిగించిన ఆ పెద్ద అద్దంలో స్టూలు, అట్ట, పాచిక అన్నీ కనబడుతున్నాయి. సార్ ముఖం ఎర్రబడింది.

"అంటే," అన్నాడు సామ్యేల్ కాక మెల్లగా, "మా సాయమ్మ సచ్చిపోయిందా?"

నా చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. సదానందం కుర్చీలోంచి లేచి వచ్చి కాక ముందు నిలబడ్డాడు. అతను అద్దంలో కాకుండా ఒక మనిషి ముఖంలోకి నేరుగా చూడటం నేను అప్పుడే చూశాను.

"లేదు కాకా. సార్ చెప్పిందే రూలు. అద్దంల సూసింది లెక్కకు రాదు. ఏడే వడ్డది."

"మరి గింతసేపు కొట్లాడితివి?"

"తప్పు నాదే. అద్దమంటేనే ఉత్త మోసం. నాకన్న ఎక్కువ ఎవలకెరుక?"

సదానందం ఓడిపోగా చూసింది ఆ ఒక్కసారే. ఆ క్షణాన అతని మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది. మంత్రం పనికిరాదని తేలిపోయింది కనుక చివరికి దొంగనైన నేనే పాక్కుంటూ వెళ్లి సాయమ్మను ఇవతలికి లాక్కొచ్చాను. దానికి ఒక్కరూ నన్ను మెచ్చుకోలేదనుకోండి.

మరుసటి మంగళవారం కాక రాడేమోనని వారమంతా గుబులుపడ్డాను. వెళ్లి చూస్తే సదానందం ఆ అద్దం మీద పెద్ద తువ్వాల కప్పి ఉంచాడు. కాసేపటికి కాక ఇస్త్రీ చొక్కాతో వచ్చి, ఎప్పటిలాగే అద్దానికి ఎదురుగా ఉండే కుర్చీలో కూర్చున్నాడు.

"గదేంది?" అన్నాడు.

"సార్ ఈపుకు ఎండ కొడ్తాందని కప్పిన కాకా."

"అద్దంలకెల్లి ఎండనా?"

కాక లేచి వెళ్లి తువ్వాల లాగేశాడు. మడత పెట్టి సదానందం చేతిలో పెట్టాడు.

"దాన్ని గట్లనే ఉండనియ్ బిడ్డా. నా కుర్చీ గూడ దీనికి ఎదురుంగనే ఉన్నది గదా. నాకు మొదటి సందే ఎరుక. పోయిన వారం నువ్వేమంటవో సూద్దామని అడిగిన. మా సాయమ్మను సార్ ఎట్ల బతికిస్తాండో నేను వారం వారం సూసుకుంటాన."

సార్ తల వంచుకుని, అట్ట సర్దుకుని, పాచిక వేశాడు. నేను అద్దం వైపు చూడలేదు. కాక చూశాడు.

"తొమ్మిది" అన్నాడు సార్.

"తొమ్మిదే" అన్నాడు కాక.