హంసలదీవికి, వాచీ మాట నమ్మి

మా ఆయన మరియదాసు ముప్పయ్యేళ్లు ఆటోనగర్‌లో లారీలు బాగుచేశారు. సెకండ్‌హ్యాండు లారీ కొనేవాళ్లు ఆయన్ని వెంటబెట్టుకుని మరీ వెళ్లేవాళ్లు. మీటరు వెనక్కి తిప్పిన బండిని ఇంజిను చప్పుడు విని పట్టేసేవారు. "మీటరు చూడమాకండి, బండి చూడండి" అన్నది ఆయన ఊతపదం. బ్యారేజీ మీద అన్నిసార్లు తిరిగిన మనిషి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయనీ, ఇక మెత్తబడవనీ డాక్టరు గారు చెప్పిన రోజు, గుణదలలో మా ఇంటి మెట్లెక్కి, ఆయాసం తీరాక ఆయన అన్న మొదటి మాట, "నిర్మలా, హంసలదీవి చూడాలే."

ఆ మాట చెబితే డాక్టరు గారు ముందుగా ఆయన చేతికి ఒక వాచీ పెట్టించారు. నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కగట్టి, పొద్దున్నకల్లా నా ఫోనులో చూపిస్తుంది. మొదట్లో ఇరవై ఎనిమిది వచ్చేది. అది ఇరవైకి లోపల ఒక వారం నిలబడితే వెళ్లిరండి, చిన్న ఆక్సిజన్ సిలిండరు మాత్రం వెంట ఉంచుకోండి అన్నారు.

కొన్నాళ్లకు దిగింది. ఒకరోజు పదిహేను, మర్నాడు పదహారు, వారమంతా అంతే. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదని ఆయన హాల్లో పడక్కుర్చీలోనే నిద్రపోతారు, నేను లోపలి గదిలో. లేవగానే పళ్లయినా తోముకోకుండా ఫోను పట్టుకుని హాల్లోకి పరిగెత్తేదాన్ని. మేరీమాత గుడికి వెళ్లి కొవ్వొత్తులు వెలిగించాను. మందు పనిచేస్తోందని చుట్టాలందరికీ చాటింపు వేశాను. ఆశకు సిగ్గుండదని అప్పుడు నాకు తెలియదు.

మా కింద వాటాలో ఉండే శ్రీను ట్యాక్సీ తోలుతాడు. రానూపోనూ పెట్రోలుతో కలిపి నాలుగువేలన్నాడు. బయటివాళ్లు ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. తొమ్మిదింటికి బయల్దేరాం. సిలిండరు డిక్కీలో పెట్టబోతుంటే ఆయన అడ్డుపడ్డారు.

"పదిహేను వచ్చేవాడికి సిలిండరెందుకే, ఎగతాళికా?"

నాకూ నవ్వొచ్చింది. మెట్ల కింద పెట్టేశాను. కరకట్ట మీదుగా కూడా వెళ్లొచ్చు గానీ, కుదుపులు ఉండకూడదని ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పెద్ద రోడ్డే పట్టాం. ఆయన ముందు సీట్లో అద్దం దించుకుని, కాలవల్నీ వరిచేలనూ చూస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. అది సంతోషమనుకున్నాను.

అవనిగడ్డ చేరేసరికి పదకొండున్నర దాటింది. ముందుకెళ్తే సరైన భోజనం దొరుకుతుందో లేదోనని అక్కడే ఒక మెస్సులో కూర్చున్నాం. చేపల పులుసు బ్రహ్మాండం. వడ్డించే ఆవిడ మా ఆయన్నే చూస్తూ, "బాబాయిగారు ముద్దకీ ముద్దకీ మధ్య ఆగుతున్నారండీ. కారం ఎక్కువైందా?" అంది.

"అబ్బే, ఇప్పుడు చాలా నయమమ్మా" అంటూ ఫోను తీసి పదిహేను చూపించాను. ఆవిడకు ఏమర్థమైందో, "మంచిదండీ" అని మజ్జిగ పోసింది. శ్రీను తలెత్తకుండా తిన్నాడు.

కోడూరు దాటి, పాలకాయతిప్ప దగ్గర అటవీశాఖ గేటు దాటితే సముద్రపు ఒడ్డు. నది కలిసే చోటుకు అక్కడినుంచి ఇసుకలో చాలా దూరం పోవాలి. ట్రాక్టరు దొరికే రోజులుంటాయట, ఆ రోజు దొరకలేదు. "కొంచెం దూరం నడిచి చూద్దాం" అన్నారాయన. వద్దనలేదు నేను. పదిహేను కదా మరి.

మెత్తటి ఇసుకలో కాస్త దూరం వెళ్లేసరికి మోకాళ్లమీద కూలబడ్డారు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. మెడనరాలు తాళ్లలా లేచాయి. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఫోను చూశాను. పొద్దుటి పదిహేనే ఉంది.

"ఏం కాదండీ, పదిహేనేగా, మెల్లగా..." అంటున్నాను. శ్రీను ఆయన్ని రెండు చేతులా ఎత్తుకుంటూ ఏడ్చేశాడు.

"అది అన్నయ్యది కాదక్కా, నాది! మీరు పడుకున్నాక, తాడు కట్టిన కూరలబుట్టలో పెట్టి వాచీ పైనుంచి కిందికి దింపేవారు. నేను పెట్టుకుని పడుకుని, పొద్దున్నే మళ్లీ బుట్టలో వేసేవాణ్ణి. సముద్రం చూసొచ్చాక ఆయనే చెప్తానన్నారు. ఒట్టేయించుకున్నారు, ఏమనుకోమాకండక్కా!"

కారు వెనక్కి తిప్పి అవనిగడ్డ ఆసుపత్రికి పరిగెత్తాం. ఆక్సిజన్ పెట్టాక చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచారు.

"మీటరు వెనక్కి తిప్పారుగా" అన్నాను.

"సముద్రం చూద్దామనే మొదలెట్టా" అన్నారు, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. "తర్వాత... పొద్దున్నే నువ్వు నవ్వుతున్నావు. ఎట్టా ఆపను?"

"కనపడిందా మరి, కలిసే చోటు?"

"నీళ్లు కనపడ్డయ్యి. ఏది ఏరో, ఏది సముద్రమో... తెలీలా."

ఇప్పుడు వాచీ ఆయన చేతికే ఉంది. ముప్పై దాటింది, వారం వారం పైకే పోతోంది. మళ్లీ తీసుకెళ్తానని నేను అనలేదు, ఆయనా అడగలేదు. ఆయన మీద కోపం రావాలి, రావడం లేదు. ఎదురుగా కుర్చీలో ఎగిసెగిసి పడుతున్న గుండెను వదిలేసి, ఒక వారమంతా కింద వాటాలో కుర్రాడి ఊపిరి చూసుకుని మురిసిపోయిన నా మీదే వస్తోంది. అయినా ఒక మాట చెప్పాలి. ఈ ఏడాదిలో నేను సుఖంగా నిద్రపోయింది ఆ వారమే. అలాంటి వారం ఇక రాదు.

హంసలదీవి వెళ్లేవాళ్లు ట్రాక్టరు ఉందో లేదో కోడూరులోనే కనుక్కుని వెళ్లండి. ఆయాసం మనిషి వెంట ఉంటే, అంకె ఎంత బాగున్నా సిలిండరు కారెక్కించండి. బయల్దేరే ముందు రాత్రి మాత్రం ఒక్కసారి లేచి వెళ్లి, వాచీ ఎవరి చేతికుందో చూసుకోండి.