ఆయన చూడని రీలు

ఎనభైల మొదట్లో అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో నేనూ నా స్నేహితుడూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. వాడు సినిమా కోర్సు చదువుతున్నాడు. సైన్యం తరఫున యుద్ధాన్ని చిత్రించిన కెమెరామన్ల మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీస్తేగాని డిగ్రీ రాదు. ఆఫీసు లేని రోజుల్లో వాడికి ఫిల్మ్ కోసి అతికించే పని నాది. మాట్లాడటానికి ఒక్కాయనే ఒప్పుకున్నాడు, కొరియా యుద్ధంలో పనిచేసిన పెద్దాయన.

ఆ కెమెరామన్ల ఉద్యోగంలో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. తీసిన రీలును కడిగి బొమ్మ తేల్చకుండానే డబ్బాలో పెట్టి వెనక్కి పంపేసేవారట. తాము తీసింది ఎలా వచ్చిందో వాళ్ళకే తెలియదు. వండినవాణ్ణి రుచి చూడనివ్వకపోవడం లాంటిది. ఈయన కూడా చూడలేదు. తర్వాత చూడటానికి ధైర్యం చాల్లేదు. కాస్త దూరంలో ఫోటోలు తీస్తున్న స్నేహితుడు గుండు తగిలి పడిపోయిన రోజు ఈయనకు గుర్తున్నది ఇంతే: కంటికి ఆనిన కెమెరా, దాని గరగర, స్నేహితుడి పిలుపు. తను వెళ్ళాడా, తీస్తూనే ఉండిపోయాడా? ఎంత తన్నుకున్నా గుర్తురాదు. ఆ స్నేహితుడు ఆసుపత్రిలో పోయాడు. అతని చెల్లెలికి ఈయన ఇన్నేళ్ళూ ముఖం చూపించలేదు. తీస్తూ ఉండిపోయినట్టు తేలితే మాత్రం తనను సినిమాలోంచి తీసేయమన్నాడు.

ప్రభుత్వం వారు దాచిన ఆ రోజు రీలుకు కాపీ తెప్పించాం. మొదట్లో కెమెరా ముందు పట్టిన పలక మీద ఆయన పేరుంది. తర్వాత కొండ, పొగ, పరుగెత్తే సైనికులు. ఉన్నట్టుండి బొమ్మంతా పక్కకి ఒరిగిపోయి బురద కనిపించింది.

"ఇక్కడ కట్ చేసెయ్‌రా. ఇదంతా వేస్ట్ ఫుటేజ్," అన్నాడు మావాడు.

వాడి చదువు అలాంటిది. ఒరిగిన షాటు, వణికిన షాటు చెత్తబుట్టకే. నాకు ఒళ్ళు మండింది. మెషీన్ ఆపేసి, ఆయన చూడకుండా కత్తెర పెడితే ఊరుకోనన్నాను. వాడితో పోట్లాడానే గాని, మిగతాది చూసే ధైర్యం లేక నేనూ రీలు చుట్టేసి డబ్బాలో పెట్టేశాను.

శనివారం ఆయన కాలేజీకి వచ్చి టోపీ కూడా తీయకుండా కూర్చున్నాడు. రీలు వేశాను. కొండ, పొగ, బురద. అది గడియారంలా కీ ఇచ్చే కెమెరా. బటన్ లాక్ చేసి వదిలేస్తే కీ అయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. అలాగే బురదలో పడి తిరుగుతోంది. ఒక మూలనుంచి రెండు బూట్లు దూరంగా పరుగెత్తాయి. వాటి మనిషి వంగి, పడి ఉన్నవాడి చంకల కింద చేతులు వేసి వెనక్కి ఈడ్చుకొస్తున్నాడు. ముఖం ఇటు తిరిగింది. కుర్రముఖం, కానీ ఆయనదే. అంతలో కీ అయిపోయింది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడాయన.

వేశాను. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. బతికించావురా దేవుడా అనుకున్నాను.

ఆయన లేచి ఫోన్ ఎక్కడుందని అడిగాడు. వరండాలో ఉందన్నాను. నంబరు ఎక్కడా చూసుకోకుండానే తిప్పాడు. అవతల స్నేహితుడి చెల్లెలు ఎత్తాక తన పేరు చెప్పి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను వాడి దగ్గరికి వెళ్ళాను," అన్నాడు. "వాడు పిలిస్తే వెళ్ళాను."