అమ్మడు కుర్చీ దిగిన రోజు

మేయరైన మూడోరోజున సూరాడ అమ్మడు నన్ను తన గదికి పిలిపించి, ఎదుటి కుర్చీ చూపించింది.

"కూకో కూర్మయ్య బాబూ. నాకు ఏటేటి పవర్లున్నాయో సెప్పు. ఒక్కటీ దాసకు."

అప్పుడు నేను మా నగరపాలక సంస్థలో కౌన్సిల్ విభాగం గుమాస్తాను. సమావేశానికి అజెండా తయారు చేయడం, జరిగింది జరిగినట్టు మినిట్స్ పుస్తకంలో రాయడం నా పని. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్నడిగినవాళ్లు లేరు. అందరూ తమకు తెలుసనుకునే ఆ కుర్చీలోకి వచ్చారు.

చెప్పాను. కౌన్సిల్‌ను పిలిచేది, నడిపేది మీరే. ఏ ఫైలు కావాలన్నా తెప్పించుకుని చూడొచ్చు. సభలో ఓట్లు సరిసమానమైతే కుర్చీలో ఉన్నవారికి ఇంకో ఓటుంటుంది. అయితే రోడ్డు వేయించడం, కాలువ తీయించడం, ఉద్యోగుల మీద అజమాయిషీ, ఇవన్నీ కమిషనరుగారివి.

ఆమె పకపకా నవ్వింది.

"అయితే నాను పెళ్లికొడుకు నాయనమ్మనన్నమాట. అందరూ దండాలెడతారు. వంట ఇంకెవులో సేత్తారు."

అమ్మడు ఇరవై రెండేళ్లు మా ఊరి రైల్వే గేటు పక్క బజారులో చేపలమ్మింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి తెల్లవారుజామున ఆటోలో గంపతో దిగేది; తర్వాత ఊళ్లోనే కాపురం పెట్టింది. మేయర్ పదవి వెనకబడిన తరగతుల మహిళకని తేలాక, నోరూ చేయీ మంచివని పేరున్న మనిషి కోసం వెతికి పార్టీవాళ్లు ఆమెను నిలబెట్టారు. ఐదో తరగతి చదువు. ఫైలు తెప్పించుకుని నాచేత పైకి చదివించుకునేది, కళ్లు మూసుకుని వినేది. ఒకసారి సగంలో ఆపి, "ఆ ఈదిలో కాలవే నేదు కదా బాబూ, పూడికెక్కడ తీసినారు?" అంది. బజారులో మిగిలిన చేపలతో ఇరవై రెండేళ్లు వీధి వీధికీ తిరిగిన మనిషి. ఆ బిల్లు ఆగిపోయింది.

రెండో ఏడాది, చేపల బజారును అక్కణ్ణించి ఎత్తి బైపాసు అవతలికి పంపాలన్న ప్రతిపాదన వచ్చింది. గేటు దగ్గర బస్సులు మలుపు తిరగడానికి చోటు చాలడం లేదన్నారు. అది అబద్ధం కాదు. కాని బైపాసు నాలుగు కిలోమీటర్లు. పొద్దున్నే సంచి పట్టుకుని నడిచి వచ్చేవాళ్లెవరూ అక్కడికి రారు. నలభై మంది ఆడవాళ్ల బతుకు ఆ ఒక్క మలుపు మీద ఆగింది. వాళ్లలో అమ్మడు మరిది భార్య తులసి ఒకతె; అమ్మడును అప్పా అంటుంది, అక్క అని.

ఆరోజు మేయరుతో కలిపి సభలో ముప్ఫై అయిదుగురు. ఆ అంశం చదవగానే అమ్మడు లేచి, డిప్యూటీ మేయర్ నరసింగరావును కుర్చీలో కూర్చోమని సైగ చేసి, బయటికి వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

ఎందుకో నాకు తెలుసు. ఆమె తండ్రి వాళ్ల పల్లెలో కులపెద్ద. తన వాళ్ల తగువు వస్తే పెద్ద ఆ చోటు వదిలి, మాట వినపడనంత దూరంలో కూర్చోవాలి. లేకపోతే ఆ తీర్పును ఎవరూ ఒప్పుకోరు. ఈ సంగతి ఆమె నాకు గర్వంగా చెప్పింది. కాని కౌన్సిల్‌లో అలాంటి నియమం లేదు. సొంత లాభమున్నవాళ్లు ఓటేయకూడదన్నారు గాని, మరిది భార్య గంప పెట్టుకు కూర్చోవడం ఆ లెక్కలోకి రాదు. ఆ మాట ఒక చీటీ మీద రాసి నేను వరండాలోకి పంపగలిగేవాణ్ణి. నేను తలవంచుకుని రాసుకుంటూ పోయాను.

పదిహేడుకి పదిహేడు. కుర్చీలో ఉన్న నరసింగరావు రెండో ఓటు వేశాడు. బజారు బైపాసుకు పోవాలని తీర్మానమైంది.

మర్నాడు తులసి మేయరు గది తలుపు తోసుకుని వచ్చింది.

"బయట కూకున్నావంట కదప్పా! గాలి బాగా తగిలిందా?"

"ఒసే, మన అయ్యలనాటి పద్ధతే అది."

"అయ్య బయట కూకుంటే అక్కడింకో పెద్దుండేవోడు, నాయం సెప్పేవోడు. నువ్వెవులికప్పగించి ఎల్లినావు? నీకు మంచిపేరు, మాకు బైపాసు. బాగున్నాది!"

ఆమె వెళ్లిపోయాక అమ్మడు నా వైపు తిరిగింది. "నాను కుర్సీలో కూకుంటే తప్పా బాబూ?"

"తప్పు కాదమ్మా. ఉండొచ్చు."

"మరి నిన్న సెప్పినావు కావేటి?"

ఆమె రెట్టించి అడగలేదు. ఇంకేం దారి ఉందో చెప్పమంది. సగానికి మించిన సభ్యులు సంతకాలు పెట్టి అడిగితే తీర్మానాన్ని మళ్లీ సభ ముందు పెట్టవచ్చన్నాను. బజారు కదలకూడదన్న పదిహేడుగురూ సిద్ధంగానే ఉన్నారు. కావలసింది పద్దెనిమిదో సంతకం.

పదిహేడు సంతకాలున్న ఆ కాగితం మూడు రోజులు ఆమె బల్ల మీద ఉంది. దాని మీద నీళ్ల గ్లాసు కూడా పెట్టేది కాదు. నాలుగోరోజు తులసిని పిలిపించింది.

"సంతకం ఎడతన్నాను. బజారుంటాది. నువ్వు మాత్రం ఉండవు."

"ఏటీ?"

"నీకోసం సేసినానని రేపు ఒక్కడన్నా, ఆ ముప్ఫై తొమ్మిది మందికీ మళ్లీ ముప్పే. గజపతినగరం సంతకి పో. రైలుంది."

"నా జాగా పదేళ్లది! ఏ పవరుతో తీత్తావు? మేయరు పవరా?"

"ఆ పవరు మేయరుకి నేదు, బాబునడుగు. నీ అప్పని సెప్తన్నాను."

తులసి తిట్టిన తిట్లు నేను మినిట్స్‌లో రాయలేదు గాని, ఒక్కటీ మరిచిపోలేదు. చివరికి చెంగు విదిలించి, "పోతాను. నీ గుమ్మం మాత్రం తొక్కను," అని వెళ్లింది.

రెండోసారి సభలో ఆ అంశం రాగానే అమ్మడు కుర్చీలోంచి కదల్లేదు. "ఈ బజార్లో నా తోటికోడలుండేది. ఇప్పుడు నేదు. అందరూ ఇన్నారు కదా," అని, తన చెయ్యి ఎత్తింది. పద్దెనిమిది, పదిహేడు. నేను రెండుసార్లు లెక్కపెట్టే దాకా ఆ చెయ్యి దించలేదు.

పదవీకాలం అయిపోయింది. ఆమె కన్నా ముందే నేను రిటైరయ్యాను. మొన్న పనుండి గజపతినగరం వెళ్తే సంత చివర అమ్మడు కనిపించింది. గంప ముందు గొంతుక్కూర్చుని చేపల పొలుసు తీస్తోంది. రైల్వే గేటు దగ్గరికెందుకు వెళ్లలేదని అడిగాను.

"నాను ఉంచిన బజార్లో నానే ఎలా కూకుంటాను బాబూ?" అంది.

పక్క గంప తులసిది. నా వైపు చూడలేదు. అమ్మడు మీద ఎండ పడుతుంటే విసుక్కుంటూ తన గొడుగు ఆమె మీదికి జరిపింది.

"ఇలా రాయే అప్పా, మాడిపోతన్నావు. ఆ బాబు ఒట్టి మాటలకొచ్చినాడో, సేపలకొచ్చినాడో అడుగు."

అరకిలో కానాగంతలు తీసుకున్నాను.