రెండు జపాన్ రంపాలు, ఒక మంచం కోడు

ఏ రంపం మంచిదో అడగడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను గానీ, నిజానికి ముందే తేల్చుకుని బయల్దేరాను.

నేను ఖమ్మం ఐటీఐలో వడ్రంగం నేర్పే మాస్టర్ని. 2006 చలికాలంలో, కంపెనీ పని మీద జపాన్ వెళ్లొచ్చిన మా బావమరిది రెండు చేతిరంపాలు తెచ్చాడు. మన షాపు రంపాలు ముందుకు తోస్తే కోస్తాయి, ఇవి మన వైపు లాగితే కోస్తాయి. ఒకటి కాగితమంత పల్చటి రేకు. వంగకుండా దాని వీపున ఇనప పట్టీ బిగించారు. రెండోదానికి పట్టీ లేదు, రెండంచులకూ పళ్లున్నాయి. ఒక అంచున చెక్కను నిలువునా చీల్చే పెద్ద పళ్లు, ఇంకో అంచున అడ్డంగా కోసే చిన్న పళ్లు. ఈ రెండంచులదాని మీద నా కన్ను పడింది. పట్టీదాన్ని చారి మామకు ఇవ్వాలనుకున్నాను.

చారి మామ అంటే వీరాచారి, నాకు ఉలి పట్టడం నేర్పినవాడు. భద్రాచలం దాటాక దుమ్ముగూడెం రోడ్డులో ఉంటాడు. వానాకాలంలో ఇల్లు కప్పుతూ జారిపడి కుడి భుజం దెబ్బతీసుకున్నాడు. రంపం తోస్తే భుజంలో పొడుస్తోందని పనే మానేశాడట. లాగే రంపానికైనా ఆ భుజం ఒప్పుకుంటుందా లేదా, అది చూడాలి.

ఉదయం 5.45కు ఖమ్మంలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. రైలుకు వెళ్దామనుకునేవారికి ఒక మాట: భద్రాచలం రోడ్ అని పేరేగానీ ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగి మళ్లీ బస్సే ఎక్కాలి. తల్లాడలో మంచు ఇంకా విడలేదు. ఒడిలో ఉన్న పొడుగాటి అట్టపెట్టెను కండక్టర్ అదేపనిగా చూశాడు.

"ఏంది సారూ గది, వీణనా?"

"రంపాలు."

"రంపాలను గింత ముద్దుగ ఒళ్లె పెట్టుకున్నరా?" అని నవ్వుకుంటూ ముందుకు పోయాడు.

ఎనిమిదిన్నరకు కొత్తగూడెం. నాలుగు ఇడ్లీలు, అల్లం చట్నీ, టీ. పాల్వంచ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, సారపాక కాగితం మిల్లు వాసన, గోదావరి బ్రిడ్జి దాటి పదింపావుకు భద్రాచలంలో దిగాను. "పర్ణశాల, పర్ణశాల" అని అరుస్తున్న దుమ్ముగూడెం రోడ్డు జీపులో వెనక సీటు దొరికింది. పన్నెండు మందిమి, రెండు కోళ్లు.

దారిలో ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర జీపు ఆపారు. పెట్టె విప్పమన్నాడు గార్డు. టేకు చెట్లున్న చోటికి రంపాలతో వస్తే అనుమానం రాదా మరి! ఐటీఐ గుర్తింపు కార్డు వెంట ఉండబట్టి బతికిపోయాను. మీరు వెళ్తే మీరూ ఏదో ఒక కార్డు పెట్టుకోండి. పట్టీదాని రేకును గార్డు వేలితో మీటి చూశాడు.

"దీనితోని చెట్టేం పడ్తది, పండ్లు తోముకోవచ్చు" అన్నాడు. జీపంతా నవ్వింది.

పదకొండున్నరకు మామ ఇంటి ముందు దిగాను. పందిరి కింద ఒక మంచం చట్రం కనిపించింది. మూడు కోళ్లు, అంటే మంచం కాళ్లు, బిగించి ఉన్నాయి. నాలుగో కోడు గోడకు ఆనించి ఉంది. అది కలవాల్సిన చట్రంలోని రెండు పట్టె కర్రల చివర్లు కోత లేకుండా మొండిగా ఉన్నాయి.

"నాలుగు నెలల సంది రంపం ముట్టలే మీ మామ" అంది అత్త, మంచినీళ్లిస్తూ. "ఎదురింటి ముత్తమ్మది గీ మంచం. దినాం వచ్చి చూసిపోతది, పాపం ఏమనదు."

ఏమనకుండా వెళ్లడమే మామకు ఎక్కువ కష్టంగా ఉందని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

నేను ఉత్సాహంగా ఒక వేపముక్కను స్టూలు మీద పెట్టి, నిలబడి, రెండంచులదానితో కోసి చూపించబోయాను. ఇరవై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? లాగాల్సింది పోయి తోశాను. రేకు విల్లులా వంగింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. వదలగానే మళ్లీ నిటారుగా నిలిచింది.

"మాస్టరువైనవ్ గానీ నిలబడుడు మానలే" అన్నాడు మామ. "ఇటియ్యి."

పట్టీదాన్ని ముందు తీసుకున్నాడు. నేలకు తాకించి కళ్లకద్దుకుని, కింద కూర్చున్నాడు. మంచం పట్టెను ఎడమ పాదంతో తొక్కిపట్టి, రంపాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా తన వైపు లాగాడు. అత్త దగ్గరికి జరిగింది. ఇంకోసారి లాగాడు.

"నొస్తాందా?" అంది అత్త.

"జర ఆగరాదె." ఇంకో నాలుగుసార్లు లాగి, "నొస్తలేదు" అన్నాడు. ఆ మాట తానే నమ్మనట్టు మరోసారి లాగి చూసుకున్నాడు.

కోడులో దూరే నాలుకను కుసి అంటారు. మామ కోస్తున్న కుసి మూడంగుళాల పొడవు, కోడు అవతలి దాకా పోవాలి. పట్టీ రంపం రెండంగుళాలు దిగేసరికి దాని వీపు చెక్కకు తట్టుకుని ఆగిపోయింది. రెండోది అడిగాడు. పెద్ద పళ్లతో నిలువునా, తిప్పి చిన్న పళ్లతో అడ్డంగా కోశాడు.

"మా తాత రంపం గుంజుడే ఉండె. కూసొని, కాలుతోని పట్టి గుంజేటోడు. షాపు రంపాలొచ్చినంక మేం తోసుడు నేర్చినం. సారూ, ఏది నాకు తెచ్చినవ్?"

పట్టీది అని చెప్పడానికి నోరు రాలేదు. "నీకు నచ్చింది" అన్నాను. లోపల చివుక్కుమంది, దాచుకోను.

"అయితే గిదే. ఆ పట్టీది చిన్న పెట్టెలకు, సొరుగులకు మంచిగుంటది. అది నీకు."

కొనేవారికి నేను చెప్పగలిగిందీ ఇంతే. ఒక్కటే కొనాలంటే రెండంచులది కొనండి. ఎండి రాయిలా గట్టిపడ్డ నల్లమద్ది కలప జోలికి మాత్రం పోకండి, తర్వాత ఇంటి దగ్గర పట్టీదాని పన్ను ఒకటి అలాగే పోగొట్టాను.

మామ మధ్యలో రెండుసార్లు గోడకు భుజం ఆనించి కూర్చున్నా, మూడున్నర దాటేసరికి రెండు కుసులూ అయ్యాయి. నాలుగో కోడు సుత్తితో నాలుగు దెబ్బలకే బిగిసింది. అత్త కేక వేస్తే ముత్తమ్మ వచ్చింది. మంచాన్ని ఊపి చూసింది, ఊగలేదు.

"నులక రేపు అల్లిస్త" అన్నాడు మామ.

"మేమే అల్లుకుంటం" అని, ఆయన మాట మార్చుకుంటాడేమోనన్నట్టు, అప్పటికప్పుడే చట్రాన్ని తలకెత్తుకుంది.

నాలుగింటి జీపులోంచి చూస్తే ముత్తమ్మ మంచంతో రోడ్డు దాటుతోంది. నాలుగు కోళ్లూ ఆకాశం వైపున్నాయి.

భద్రాచలంలో ఐదున్నరకు ఖమ్మం బస్సు. పాల్వంచ దాటాక పక్క సీటాయన నన్ను తట్టాడు.

"చెయ్యి నొస్తాందా సార్? ఊకె వెనకకు గుంజుతున్నరు."

చూసుకుంటే నిజమే, నా కుడిచెయ్యి ఒడిలో తనంతట తనే లాగడం నేర్చుకుంటోంది.

"నాది కాదండీ" అన్నాను. "నొచ్చే చెయ్యి పొద్దున దాకా ఊరికే ఉంది. ఇప్పుడు పనిలో ఉంది."