పోచమ్మ గద్దె మీది బెంచ్ మార్క్

1959ల నేను నీళ్ల శాఖల ఓవర్సీర్‌ను. గోదావరి పుట్టిన త్రయంబకం కొండ కాడి నుంచి అంతర్వేది సముద్రం దాకా నది వాలు కొలిచే సర్వే పార్టీల నన్ను ఏసిండ్రు. కొండ మీద దోసిట్ల పట్టే నీళ్లను చూసి, గిదేనా మన గోదారి అని నవ్వుకున్నం. మా పార్టీల స్టాఫ్ పట్టేటోడు లస్మన్న. స్టాఫ్ అంటే అంకెలు రాసిన పొడుగు కట్టె. ఒకడు దాన్ని నిలువుగ పడితే, ఇంకొకడు లెవెల్ అనే దుర్బిన్‌లకెళ్లి అంకె చదువుతడు. లస్మన్నది బాసర పక్క ఊరు. గోదారి ఒడ్డునే పెరిగిండు గని, అది యాడికి పోతదో ఎన్నడు చూడలే. "సారూ, గీ తల్లి సముద్రంల కలిసేది నా కండ్లతోటి చూస్తె చాలు" అంటుండె.

బాసర దాటినం, ఖానాపూర్ దాటినం. అక్కడ ఒడ్డున ఒక బెంచ్ మార్క్ ఉన్నది. వెనకటి సర్వేవాళ్లు ఎత్తు కొలిచి, బాణం గుర్తు చెక్కి పాతిన రాయి అది. దాని ఎత్తు రిజిస్టర్ల ఉంటది, మన లెక్క దానితోటి కలువాలె. కలువలే! అడుగు పైన తేడా వచ్చింది.

మా ఇంజనీరు గారు కృష్ణా జిల్లా మనిషి. పనిమంతుడే గని కోపం ముక్కు మీదుండేది. "స్టాఫ్ పైముక్క బిగించకుండా నిలబెట్టాడు, అది కిందికి జారింది. ఇతణ్ణి రేపే ఇంటికి పంపించెయ్యి" అన్నరు. ఆ స్టాఫ్ మూడు ముక్కలు, ఒకదాంట్ల ఒకటి జొరబడుతయి. కొక్కెం పడకుంటె జారుడు నిజమే.

లస్మన్న మొఖం నల్లవడ్డది. "కొక్కెం టక్కుమన్నంకనే నిలవెడుత సారూ. పంపుతె పంపుండ్రి, గని తప్పు చేసిండన్న మాట నేను మోయలేను" అన్నడు. "మూడు దినాలియ్యుండ్రి సార్, మళ్ల కొలుస్త. తప్పు వీనిదే అని తేలితె నన్ను గూడ పంపుండ్రి" అన్న. తర్వాత భయమైంది గని, అన్న మాట ఎనుకకు తీసుకోబుద్ధి కాలే.

రెండోసారి ప్రతి కొక్కెం నేనే నొక్కి చూసిన. అదే తేడా, వెంట్రుక వాసి గూడ మారలే. అప్పుడు బుర్రకు తట్టింది. మనిషి తప్పు చేస్తె రెండుసార్లు ఒక్కతీరుగ చేస్తడా? రాయి కాడికే ఉరికిన.

రాయికి పసుపు, కుంకుమ, ముందట కోడి ఈకలు. లస్మన్న దాని మీద స్టాఫ్ పెట్టినప్పుడల్లా చెప్పులిడిసి మొక్కుతుండె. నేనేమో పట్టించుకోలే. అక్కడ బోనం కుండ కడుగుతున్న ముసలవ్వను అడిగిన.

"అవ్వా, గీ రాయి ముందుగాల గిట్లనే ఉన్నదా?"

"మా పోచమ్మ బిడ్డా! సూలం గుర్తుతోటి తనంత తానే ఎలిసింది. కిందుంటె వానకాలం గోదారి ముంచుతుండె. పోయినేడు తవ్వి తీసి, గద్దె కట్టి పైన నిలవెట్టినం. ఎందుకు, తప్పైందా?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. సర్కారు బాణం వాళ్లకు త్రిశూలమైంది! "తప్పేం లేదవ్వా, సల్లగుండు" అని దండం పెట్టి ఉరికొచ్చిన.

ఇంజనీరు గారు నమ్మలే. "ముసలమ్మ మాట రిజిస్టర్లో రాయమంటావా?" అన్నరు. ఆఖరికి మా లెక్కనే ముందుకు తీస్కపోయి ధర్మపురి కాడి బెంచ్ మార్క్‌తోటి పోల్చి చూద్దామన్నరు, అక్కడ కలిస్తె మా కొలత సరైందే, రాయే లేచినట్టు. అది పెద్ద బండకు చెక్కింది, ఎవ్వరూ లేపలేరు. అక్కడిదాక లస్మన్ననే స్టాఫ్ పట్టిండు. అంకెలు కూడిన. కలిసింది! "కలిసిందిరా లస్మన్నా!" అని నేను అరిసిన అరుపుకు రేవుల తానాలు చేసేటోళ్లంత తిరిగి చూసిండ్రు. ఇంజనీరు గారు లెక్క రెండుసార్లు చూసుకున్నరు. లస్మన్న కాడికి పోయి, "తొందరపడి మాటన్నాను. సముద్రం దాకా స్టాఫ్ నువ్వే పట్టాలి" అన్నరు. పోచమ్మను కిందికి దించలే, రిజిస్టర్లనే కొత్త ఎత్తు రాయించిండ్రు. అంత పెద్ద ఆఫీసరు అట్ల ఒప్పుకునుడు నా నౌకరిల మళ్ల చూడలే.

కొన్ని నెలలకు అంతర్వేది చేరినం. ఆఖరి రీడింగ్‌కు లస్మన్న మోకాళ్లలోతు అలలల్ల నిలవడ్డడు. ఒక పుడిశెడు నీళ్లు నోట్లె పోసుకొని ఉమ్మేసి, "సారూ, గింత దూరం నడిసొచ్చి తల్లి ఉప్పగైంది!" అని ఏడ్చుకుంట నవ్విండు. నాకూ ఏడుపాగలే.

తర్వాత ఎందరో కొత్త ఓవర్సీర్లకు పని నేర్పిన. అందరికీ ఒకటే చెప్పిన. లెక్క కలువకుంటె ముందుగాల రాయిని అనుమానించుండ్రి, కింది మనిషిని ఆఖరికి.