గుడ్డ రోలుతో గిద్దలూరు నుంచి

గుంటూరులో మేం నలుగురు మిత్రులం కలిసి పెట్టిన బొమ్మల ప్రదర్శన తెల్లారితే మొదలు. గిద్దలూరు సుగుణ కుట్టిన బొమ్మలు మాత్రం ఇంకా రాలేదు. పార్శిల్లో వేస్తే నలిగిపోతాయని ఆమె భయం. నేనే వెళ్లి తెస్తానని పొద్దున్నే నంద్యాల వైపు రైలెక్కాను.

నరసరావుపేటలో ఇడ్లీ తిన్నాను. దొనకొండ దాటాక ఎండ ముదిరింది. మార్కాపురం రోడ్డులో ఎక్కినాయన పక్కన కూర్చుని ఏం పనిమీద వెళ్తున్నానని అడిగాడు. రుబ్బురోలు తేవాలన్నాను.

"రోలు కోసరం గుంటూరు నుంచి వచ్చినారా సార్!" అని జాలిగా చూశాడు. అది గుడ్డతో కుట్టి దూది కూరిన రోలని చెప్పేలోపే కునుకు తీశాడు.

మధ్యాహ్నానికి సుగుణ ఇంట్లో ఉన్నాను. ఆమె బతుకుతెరువు టైలరింగు. తీరిక దొరికితే ఈ బొమ్మలు. దూది కూరిన గ్యాస్ బండ ఒకటి కడుపునిండా తిన్నట్టు గోడకు వాలి ఉంది. మార్కాపురం పలక చేతిరుమాల్లా మడతపడింది.

"కూచో అన్నా" అంది. స్టూలు మీద కూర్చున్నాను. నేలదాకా దిగిపోయాను. అదీ గుడ్డదే! మంచం మీద నుంచి వాళ్లమ్మ ఈశ్వరమ్మ పకపకా నవ్వింది.

ఆమెకు నిరుడు నడుము ఆపరేషన్ అయింది. బరువులెత్తొద్దన్నారు. ఆనాటి నుంచి మంచం, వాకిలి, అంతే, వీధిలోకి రాలేదు.

"పని లేని బతుకేందని ఏడుస్తాంటే ఈ రోలు కుట్టి ఒళ్లో పెట్టినా. ఎత్తమ్మా ఇప్పుడు అని చెప్పినా. అప్పుడు నవ్వింది" అని చెప్పింది సుగుణ.

అన్నీ సర్దాం. రోలు దగ్గరకొచ్చేసరికి ఈశ్వరమ్మ రెండు చేతులతో వాటేసుకుంది.

"ఇది ఇయ్యను."

"కరపత్రం మీద దీని ఫోటోనే వేసినారమ్మా. మూడు దినాల్లో తెచ్చిస్తా."

"అన్ని దినాలు నేనేం చేయాల?"

సుగుణ నా వైపు చూసింది. "మీరూ రండమ్మా" అనేశాను.

ఈశ్వరమ్మ రోలును ఒళ్లోకి లాక్కుంది. "రైలులో ఆనుకోను చోటుంటాదా?"

"రోలుకే ఆనుకుందువులే!" అంది సుగుణ, కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం రైలుకు ముగ్గురం బయల్దేరాం. కంభంలో ఎక్కిన ఒక కుర్రాడు, "పెద్దమ్మా, రోలు పైన పెడతా ఉండు" అని కాళ్లు ఎడంగా వేసి, ఊపిరి బిగబట్టి ఎత్తాడు. రోలు గాల్లోకి లేచింది. అతను వెనక్కి సీట్లో పడ్డాడు.

"మెల్లగా నాయనా, నడుము జాగ్రత్త!" అంది ఈశ్వరమ్మ.

పెట్టె పెట్టంతా గొల్లున నవ్వింది. ప్రదర్శనల్లో జనం బొమ్మల ముందు గొంతు తగ్గించి మాట్లాడటమే ఇన్నాళ్లూ చూశాను. ఇక్కడ ఇటివ్వండంటే ఇటివ్వండని అందరూ ఎత్తి చూసేవాళ్లే. రోలు చేతులు మారుతూ పెట్టె ఆ చివరికి పోయింది. దాని వెనకే సీట్లు పట్టుకుంటూ, ఎవరి సాయం అడక్కుండా ఈశ్వరమ్మ లేచి నడిచింది.