మా పెదనాన్న సొంత కరెంటు స్తంభం

చలికాలం పొద్దున మా పెద్దమ్మ ఇంట్లో వెచ్చగా ఉండే వస్తువు ఒక్కటే, పెదనాన్న యాంప్లిఫయరు. దాన్ని ఆయన ఎప్పుడూ ఆపడు. ఆపితే చల్లబడిపోతుందట, మళ్ళీ గాడిన పడడానికి మూడు గంటలు పడుతుందట. కిరసనాయిలు స్టవ్వు మాత్రం పది నిమిషాలు దాటితే దండగని తనే ఆపేస్తాడు. మనుషులు చల్లబడితే ఫరవాలేదన్నమాట. ఇంట్లో తెలివైనది పిల్లి. అది నేరుగా వెళ్ళి యాంప్లిఫయరు మీద పడుకుంటుంది. దాన్ని దింపడమే రిటైరయ్యాక పెదనాన్న ఉద్యోగం.

ఆయన పేరు నెగిషి షిగెహారు. జపానులో మా షిబుకావా ఊళ్ళోనే పుట్టాడు, ఇక్కడే బేరింగుల ఫ్యాక్టరీలో నలభై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. ఇనుప కడ్డీ ఒక కొస బేరింగుకి, ఇంకో కొస చెవికి ఆనించి, లోపల గుండు ఎక్కడ గీసుకుంటోందో చెప్పడం ఆయన పని. తర్వాత ఆ పని మిషను చేయసాగింది. మిషను పట్టుకోలేనిది తాను పట్టుకున్న రోజు గురించి ఆయన ఇప్పటికీ నెలకోసారి చెబుతాడు. నేను రెండేళ్ళ కిందట కాలేజీ మధ్యలో మానేసి, కొన్న్యాకు అనే దుంపల ఫ్యాక్టరీలో పనికి కుదిరి వాళ్ళ మేడమీద గదిలో చేరాను కాబట్టి ఈ కథ ఇరవై ఆరుసార్లు విన్నాను.

రిటైరయ్యాక చేతికొచ్చిన దానితో ఆ యాంప్లిఫయరు కొన్నాడు. ఇరవై ఎనిమిది కిలోలు. అన్నీ ఒకే పెట్టెలో ఉండే రకం. దాని ముందు శబ్దం పెంచే పెద్ద గుండ్రటి మీట ఒకటి, అది తిప్పితే వేలికి తగిలే బరువు చూసి పెదనాన్న కళ్ళు చెమర్చాయి. పెద్దమ్మకి ఉంగరం తొడిగిన రోజు కూడా ఇలా చూడలేదని ఆవిడే చెప్పింది.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవంతా రెండో శనివారం సంఘంతో వచ్చింది. పాటల పెట్టెల పిచ్చి ఉన్న ముసలాళ్ళు, పెదనాన్నతో కలిపి ఐదుగురు, నెలకొకరింట్లో కూడతారు. పెద్దాయన మోతెగి మాస్టారు, బళ్ళో సైన్సు చెప్పేవాడు. ఆయనింట్లో యాంప్లిఫయరు పని చెయ్యడానికి ఒకటి కాదు, నాలుగు పెట్టెలున్నాయి. ఆయన భార్య ఎక్కడ కూర్చుంటుందో నేనింతవరకూ కనిపెట్టలేకపోయాను. ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చి, పెదనాన్న యాంప్లిఫయరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఒకే పెట్టె. తుడుచుకోవడానికి ఎంత సుఖమండీ" అన్నాడు.

మా ఊళ్ళో చెంపదెబ్బ కొట్టాలంటే ఇలాగే కొడతారు. పెదనాన్నకి మూడు రోజులు అన్నం సహించలేదు.

అక్కణ్ణించి పెట్టెకి సేవలు మొదలయ్యాయి. ముందు దాని కిందికి ఇత్తడి కాళ్ళు. తర్వాత సమాధిరాళ్ళు చెక్కే అంగడి నుంచి నల్లరాయి పలక. ముగ్గురు మనుషులు మోసుకొచ్చారు.

"నా రాయి కూడా ఇప్పుడే చెప్పేస్తే రెండూ కలిపి తగ్గించి ఇస్తారేమో, అడగకపోయారా?" అంది పెద్దమ్మ. ఆవిడ పేరు ఫుసాకో. మా గుమ్మా జిల్లాలో గట్టివి రెండే అంటారు, పొడిగాలీ పెళ్ళామూ. ఆవిడ ఆ మాటకి మచ్చ రానివ్వలేదు.

రాయి తర్వాత కరెంటు మీద పడ్డాడు. వీధి చివర స్తంభం నుంచి పదకొండు ఇళ్ళకి ఒకటే లైను. అందరి బియ్యం కుక్కర్ల మురికీ, అందరి మైక్రోవేవ్‌ల మురికీ ఆ తీగలోంచి కొట్టుకొచ్చి తన వయొలిన్లలో పడుతోందట.

"ఇప్పుడే విన్నావా? అక్కడ! ఎదురింటి కోడలు తల ఆరబెట్టుకుంటోంది" అనేవాడు.

"ఆ పిల్ల ఊళ్ళో లేదు పెదనాన్నా."

"అయితే వాళ్ళత్తగారు."

దీనికి మందు ఒకటే, మన పెరట్లో మనకే సొంతంగా కరెంటు స్తంభం. ఈ పిచ్చి ఉన్నవాళ్ళకిది వింతేం కాదు. దేశంలో చాలామంది పాతించుకున్నారు. కారు మార్చుకుందామని దాచుకున్న డబ్బు స్తంభంగా మారి పెరట్లో నిలబడింది. మోతెగి మాస్టారుకి నాలుగు పెట్టెలున్నాయి గానీ స్తంభం లేదు.

స్తంభం నుంచి పాటల గదికి తీగ రావాలంటే దారిలో పెద్దమ్మ యుజు నిమ్మచెట్టు ఉంది. తీగకి చెట్టు తగలకూడదు, కొట్టెయ్యాలన్నారు కరెంటు వాళ్ళు. పీచ్ పండ్ల చెట్టు మూడేళ్ళకి కాస్తుంది, మొద్దు యుజు పద్దెనిమిదేళ్ళకి అని మా వైపు సామెత. పెద్దమ్మ నిజంగానే పద్దెనిమిదేళ్ళు ఆగింది. ఇప్పుడు శీతాకాలంలో పగలు అతి పొట్టిగా ఉండే రోజున వీధిలో సగం ఇళ్ళ స్నానాల తొట్లలో ఆచారం కొద్దీ తేలేవి ఆవిడ కాయలే.

"చెట్టు జోలికొస్తే ఊరుకోను."

"శబ్దం ఎంత బాగుపడుతుందో నీకు తెలీదే."

"తెలీదు. మీకు తెలుసా?"

పెదనాన్న పెట్టె మీద లేని దుమ్ము తుడవసాగాడు.

"సరే వినండి" అంది పెద్దమ్మ. "ముందు కొమ్మలు తాడుతో పక్కకి కట్టి తీగ లాగమనండి. మీ సంఘం వాళ్ళు పోయిన నెల మనింట్లో విన్నారుగా, వంతు కాకపోయినా ఈ నెలా పిలవండి, వచ్చి వింటారు. తేడా ఉందని అందరూ అంటే, రంపం నేనే తెచ్చిస్తా. ఒక్కరు లేదన్నా స్తంభం పీకించెయ్యాలి."

పెదనాన్న సంతోషంగా తలూపాడు. ఆయన అటు వెళ్ళగానే నేను ఉండబట్టలేకపోయాను.

"పెద్దమ్మా, చేతులారా ఓడిపోయావు. ఆ ముసలాళ్ళలో మొహమ్మీద 'లేదు' అనేవాడు ఇంకా పుట్టలేదు. చెట్టు పోయినట్టే."

"నోరు ముయ్యి" అంది. కానీ ఆ వారమంతా పొద్దున్నే వెళ్ళి చెట్టు మొదట్లో నిలబడి వచ్చేది.

శనివారం ఎనిమిదింటికి పనివాళ్ళొచ్చారు. ముసలాళ్ళ కోసం మంజూ మిఠాయిలు తేవడానికి పెదనాన్న ఇకాహో వెళ్ళాడు. తీగ లాగడం అయిందో లేదో అకాగి కొండ మీంచి గాలి దిగింది. ఆరేసిన గుడ్డలు పక్కింటి కొగురె గారి పెరట్లోకి వెళ్ళిపోయాయి. మేస్త్రీ టోపీ చేత్తో పట్టుకుని వంటింటి తలుపు దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఈ గాలికి మమ్మల్ని పైకెక్కనివ్వరు. తీగ లాగాం గానీ కలపలేదు. మీకు పాత కరెంటే వస్తూ ఉంటుంది. సోమవారం వచ్చి కలుపుతాం. ఈ కాయితం మీద ముద్ర వెయ్యండమ్మా."

పెద్దమ్మ సంతకానికి బదులుగా ఇంటిపేరు ముద్ర వేసింది. నేనక్కడే సూప్ తాగుతున్నాను.

పెదనాన్న తిరిగొచ్చి, పెరట్లోంచే తీగ చూసుకుని, బూట్లు ఎటు పడ్డాయో కూడా చూడకుండా పాటల గదిలోకి పోయాడు. పెద్దమ్మ కాయితం పట్టుకుని వెనకాలే వెళ్ళింది.

"ఏమండీ, కరెంటు వాళ్ళు..."

"ష్! మూడు గంటలు ఈ గదిలో మాట వినబడకూడదని చెప్పానా? ఇప్పుడే కొత్త కరెంటు తాగుతోందది."

"అది కాదండీ..."

"మూడు గంటల తర్వాత!"

పెద్దమ్మ ఆయన వంక చూసింది. కాయితం నాలుగు మడతలు పెట్టి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. నేను నోరు తెరవబోతే, "తిను" అంది.

మధ్యాహ్నం పెదనాన్న గదిలోంచి బయటికొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది.

"ఏరా, నువ్వు విన్నావుగా తలుపు అవతల్నించి. ఏమైనా..."

"తేడా లేదు పెదనాన్నా."

"నువ్వా కొన్న్యాకు దుంపల ఫ్యాక్టరీలో చెవులు తాకట్టు పెట్టావు" అన్నాడు. అని, చిటికెన వేలు తన చెవిలో పెట్టి తిప్పుకున్నాడు. ఒక చెవి అయ్యాక రెండోది. నలభై ఒక్క ఏళ్ళు అన్నం పెట్టిన చెవులు. నాకు జాలేసింది, కానీ పెద్దమ్మ నా వంకే చూస్తోంది.

రెండింటికి నలుగురూ వచ్చారు. గాలికి అందరి జుట్టూ ఒకే వైపుంది. పెరట్లో స్తంభాన్ని చూసి మోతెగి మాస్టారు దాని చుట్టూ కూడా ఒక ప్రదక్షిణం చేశాడు. పెదనాన్న పోయిన నెల పెట్టిన చెల్లో వాయిద్యం రికార్డే పెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఒకాయన నిద్రపోయాడు కూడా.

ముందు పెద్దవాడు మాట్లాడాలి. మిగతావాళ్ళు ఆ మాటకి కొమ్మలు మొలిపించాలి. ఇది సంఘం రివాజు.

"హూఁ" అన్నాడు మోతెగి మాస్టారు. "ఇది నేల లోపల్నుంచి వస్తోంది."

"నిజమండీ" అన్నాడు పక్కింటి కొగురె, పళ్ళ డాక్టరు. "వాయించేవాడి ఊపిరి పోయిన నెల వినబడలేదు. పాపం, ఎడమ ముక్కు కాస్త మూసుకుపోయింది."

"మధ్యలో తెర తీసేసినట్టుంది" అన్నాడు మూడో ఆయన. నిద్రపోయినాయన లేచి, "అద్భుతం" అన్నాడు.

"ఇంటాయనేమంటారు?" అన్నాడు మాస్టారు.

పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. "తేడా... ఉందనే... అవును" అన్నాడు నేల చూస్తూ.

అప్పుడు పెద్దమ్మ టీ పళ్ళెంతో వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "అందరికీ తెలిసిందా అండీ తేడా?"

"చిన్నపిల్లాడికైనా తెలుస్తుందమ్మా" అన్నాడు మాస్టారు.

"ఒక్కరికైనా అనుమానం లేదు కదా?"

"అనుమానమా!"

పెద్దమ్మ కాయితం మడతలు విప్పి పెదనాన్న ముందు పెట్టింది. "పొద్దున్నే చెబుదామని వస్తే మూడు గంటలు నోరు మూసుకోమన్నారు. తీగ కలపలేదట. గాలట. సోమవారం వస్తారట."

పెదనాన్న చదివాడు. మాస్టారు తీసుకుని, కళ్ళజోడు మార్చి, రెండుసార్లు చదివాడు. పిల్లి యాంప్లిఫయరు మీదికెక్కింది. దించేవాడు లేడు.

నేను పెదనాన్ననే చూస్తున్నాను. ఆయన వీపు నిటారైంది. చెవి పోలేదు! గదిలో ఐదుగురిలో సరిగ్గా విన్నవాడు ఆయనొక్కడే. నోరు కూడా తెరిచాడు. ఆ మాట అనేస్తే తుడుచుకోవడం సుఖమన్నవాడి లెక్క తేలిపోతుంది. అంతలో మాస్టారు చేతిలో కప్పు సాసరు మీద టకటకా కొట్టుకుంది. పెదనాన్న నోరు మూసేశాడు.

"అంటే" అన్నాడు మాస్టారు మెల్లిగా, "తీగ కలపకుండానే ఇంత మార్పు వచ్చిందన్నమాట. స్తంభం రెండు మీటర్లు భూమిలోకి దిగింది కదా. నేల అదురు అణిగిపోయింది. ఇది సైన్సే."

"నేనూ అదే అనబోతున్నా" అన్నాడు కొగురె. "పన్ను కూడా అంతేనండి. వేరు గట్టిపడితే మాట స్పష్టమవుతుంది."

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు" అంది పెద్దమ్మ, తల బాగా వంచి. "అయితే ఇంక తీగ అవసరం లేదంటారా?"

మాస్టారు కాయితం వంక చూశాడు, స్తంభం వంక చూశాడు. తప్పించుకునే దారి పెద్దమ్మ ఒకటే వదిలింది.

"లేదనే... చెప్పాలి. కలిపితే ఇప్పుడు కుదిరిన తూకం చెడినా చెడుతుంది."

"మీ మాటే మాట. అయితే చెట్టు కొట్టక్కర్లేదు."

"అయ్యయ్యో, చెట్టు కొడతారా!" అన్నారు నలుగురూ. "దాని వేళ్ళు కూడా నేలని పట్టుకుంటాయి కదమ్మా!"

వెళ్ళేటప్పుడు తలా ఒక సంచి యుజు కాయలు పట్టుకెళ్ళారు. పెదనాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకేం తేడా వినబడలేదే."

"మీ మొహంలో కనబడిందిగా."

"చెవి పోయిందనుకున్నా."

"మరి వాళ్ళ ముందు అనకపోయారా?"

"ఆయన చేతిలో కప్పు వణికింది" అన్నాడు పెదనాన్న. ఆ పూట స్టవ్వు పది నిమిషాలు దాటినా ఆయన ఆపలేదు.

సోమవారం పొద్దున్నే కరెంటు వాళ్ళకి ఫోను చేశాడు. "నెగిషి అండీ. తీగ కలపడానికి రావక్కర్లేదు. మొన్న లాగిన తీగ కూడా తీసెయ్యండి... కాదు, స్తంభం ఉండాలి. స్తంభం తియ్యకండి... తీగ లేకుండానే... అవునండీ, ఒట్టి స్తంభమే... దేనికా?" ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి పెద్దమ్మ వైపు చూశాడు.

ఆవిడ కాయ తొక్క ఒలుస్తోంది. "శబ్దానికని చెప్పండి."

"శబ్దానికండీ" అన్నాడు పెదనాన్న.

అవతలివైపు కాయితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. ఆ తర్వాత, "ఆహా, శబ్దానికా అండీ. నిజమే, నిజమే" అంది కరెంటు ఆఫీసు కుర్రాడి గొంతు. ఆ కుర్రాడూ మా ఊరివాడే.